మూడు దళాలకూ ఒకేసారి దరఖాస్తు

ఇంటర్ చదివే కుర్రాడైనా, బీటెక్ చివరి ఏట ఉన్న అమ్మాయైనా, సైన్యంలో ఆఫీసర్‌గా చేరతానని నోరు విప్పగానే ఇంట్లో ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఆర్మీయా, నేవీయా, ఎయిర్‌ఫోర్సా? మూడింటికీ పెడతానంటే పెద్దవాళ్లు పెదవి విరుస్తారు. గురి ఒకదాని మీదే ఉండాలంటారు. ఇన్నిటికి వేస్తే ఇంటర్వ్యూలో అధికారులు ఏమనుకుంటారో అని భయపెడతారు కూడా.

నిబంధనల వరకే చూస్తే జవాబు తేలిక. అర్హత ఉన్నవాళ్లు ఒకే ఏడాదిలో మూడు దళాలకూ, వాటితోపాటు కోస్ట్ గార్డ్‌కూ ఎన్ని దరఖాస్తులైనా పెట్టుకోవచ్చు. ఒకదానికి పెట్టినందుకు ఇంకొకటి చెల్లకుండా పోదు. తేల్చుకోవలసిన ప్రశ్నలు ఆ తర్వాత వస్తాయి. పది దరఖాస్తులు పెడితే పది అవకాశాలు వచ్చినట్టేనా? ఒక చోట తప్పితే మరో చోట దాని ప్రభావం పడుతుందా? ఏది ముందు రాయాలి, ఏది వెనక రాయాలి? నా అభిప్రాయం ముందే చెబుతాను. అర్హత ఉన్న ప్రతి దారికీ దరఖాస్తు పెట్టాల్సిందే. అయితే దారులు ఎన్ని ఉన్నా అభ్యర్థిని తూచే చోటు దాదాపు ఒకటేనని మరిచిపోకూడదు. ఈ సంగతి పట్టుబడితే ఫారాల లెక్క తగ్గి, తయారీ మీద దృష్టి పెరుగుతుంది.

ఎక్కువ దరఖాస్తులు పెట్టమనడానికి మొదటి కారణం వయసు. కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష, అంటే సీడీఎస్, ఏప్రిల్‌లో రాసినవాడు డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో చేరేది మరుసటి జనవరిలో. సెప్టెంబరులో రాస్తే ఆపై జులైలో. మధ్యలో రాత ఫలితాలు, ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) పిలుపు, వైద్య పరీక్ష, చివరి మెరిట్ జాబితా ఉంటాయి. ఇలా ఒక్క ప్రయత్నానికే ముప్పావు ఏడాది గడిచిపోతుంది. ఐఎంఏకు వయోపరిమితి 24 ఏళ్లు. 21 ఏళ్లకో 22 ఏళ్లకో డిగ్రీ చేతికొచ్చే మన పిల్లలకు మిగిలేది చాలా కొద్ది కాలం. ఒక దళం ఫలితం వచ్చాకే ఇంకో దళం సంగతి చూద్దామని ఆగితే, ఆ రెండో దళం వయసు గడువు కళ్లముందే దాటిపోతుంది. ఆ గడువులు కూడా ఒక్కలా ఉండవు. ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ శాఖకు 24 ఏళ్లు, గ్రౌండ్ డ్యూటీ శాఖలకు 26, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి సీడీఎస్ ద్వారా 25, ఆర్మీ టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సుకు 27. ముందుగా మూతపడే తలుపు ముందుగా తట్టాలన్న చిన్న సూత్రం తెలియక, గ్రౌండ్ డ్యూటీకి ఇంకా రెండేళ్లు గడువున్నవాళ్లు ఆ సన్నాహంలో మునిగి ఫ్లయింగ్ వయసు పోగొట్టుకుంటుంటారు.

ఇంటర్ దశలో ఉన్న దారులు తెలుగు విద్యార్థులకు ప్రత్యేకంగా అనుకూలం. ఆ సంగతి చాలా ఇళ్లకు తెలియదు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. మ్యాథ్స్ 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600, మళ్లీ ఎస్‌ఎస్‌బీకి 900. ఆర్మీ విభాగానికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరిపోతుంది. నేవీకీ, ఎయిర్‌ఫోర్స్‌కీ మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కావాలి. ఇదికాక విడిగా రాతపరీక్ష లేని దారులు రెండున్నాయి. ఒకటి ఆర్మీ టెక్నికల్ ఎంట్రీ స్కీమ్, రెండోది కేరళలోని ఎళిమల నావల్ అకాడమీలో చదివించే నేవీ బీటెక్ క్యాడెట్ ఎంట్రీ. ఈ రెండూ జేఈఈ మెయిన్ రాసినవారిలోంచి ఎంచి ఎస్‌ఎస్‌బీకి పిలుస్తాయి. ఇంటర్ మార్కుల్లో కూడా కనీస శాతాలు అడుగుతాయి: ఆర్మీ స్కీముకు ఎంపీసీలో 60, నేవీకి ఎంపీసీలో 70, ఇంగ్లీషులో 50.

తెలుగు రాష్ట్రాల్లో ఎంపీసీ తీసుకున్న పిల్లల్లో జేఈఈ మెయిన్ రాయనివాళ్లు తక్కువ. రెండేళ్లు తెల్లవారుజామున లేచి చదివిన చదువుకు ఫలం ఐఐటీ, ఎన్‌ఐటీ సీటు మాత్రమేనని కాలేజీలు నూరిపోస్తాయి. అదే ర్యాంకు కార్డు ఒక సైనిక అకాడమీలో ఖర్చు లేకుండా ఇంజినీరింగ్ డిగ్రీనీ, దాని చివర ఆఫీసర్ హోదానూ ఇవ్వగలదని చెప్పే లెక్చరర్ అరుదు. ఎన్‌డీఏ, టెక్నికల్ ఎంట్రీ, నేవీ బీటెక్ మూడింటికీ ఒకే ఏడాది దరఖాస్తు పెట్టిన ఎంపీసీ విద్యార్థి అదనంగా చదవవలసింది ఎన్‌డీఏ జనరల్ ఎబిలిటీ పేపరు ఒక్కటే. మిగతాదంతా చదివేసిందే. కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచీ, కలికిరి సైనిక్ స్కూల్ 2014 నుంచీ ఈ దారి గురించి తమ విద్యార్థులకు చెబుతూనే ఉన్నాయి. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణాలిచ్చిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు కోరుకొండలో చదివి ఎన్‌డీఏకు వెళ్లినవాడే. సైనిక్ స్కూళ్ల బయట చదివే లక్షలాది పిల్లలకు ఈ సమాచారం చేరడం లేదన్నదే నా బాధ.

డిగ్రీ దశకు వచ్చేసరికి దారులు ఇంకా విస్తరిస్తాయి, చిక్కులూ పెరుగుతాయి. సీడీఎస్ ఒక్క ఫారంలోనే నాలుగు అకాడమీలు ఉన్నాయి: డెహ్రాడూన్ ఐఎంఏ, ఎళిమల నావల్ అకాడమీ, మన హైదరాబాద్ శివారు దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, చెన్నై ఓటీఏ. అంటే సీడీఎస్ ఫారం నింపినవాడు తెలిసో తెలియకో మూడు దళాలకూ ఒకేసారి దరఖాస్తు పెడుతున్నట్టే. ఈ ఫారంలో ప్రాధాన్య క్రమం రాసే గడి దగ్గర జరిగే పొరపాట్లు ఎన్నో. రాయని అకాడమీకి ఎన్ని మార్కులు వచ్చినా పరిగణించరు. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ కావాలంటే దాన్ని మొదటి ఎంపికగానే రాయాలి. రెండో మూడో స్థానంలో రాస్తే ఆ ఎంపిక చెల్లదని యూపీఎస్‌సీ నోటిఫికేషన్ స్పష్టంగా చెబుతుంది. పైలట్ పరీక్ష ఎయిర్‌ఫోర్స్ ఎంపిక బోర్డుల్లోనే జరగాలి, ఆ పైన ఎయిర్‌ఫోర్స్ వైద్య కేంద్రాల్లో పరీక్షలు ఉంటాయి. కాబట్టి ఆ దారిలోకి మొదటే మళ్లించక తప్పదు. ఓటీఏ సంగతి దీనికి తలకిందులు. శాశ్వత కమిషన్‌తోపాటు షార్ట్ సర్వీస్ (పరిమిత కాలపు కమిషన్) కూడా కావాలనుకునేవాళ్లు దాన్ని చివరన రాయాలి. పొరపాటున పైన రాసినా యూపీఎస్‌సీ దాన్ని చివరి ఎంపికగానే లెక్కలోకి తీసుకుంటుంది. ఇంత ముఖ్యమైన సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. నోటిఫికేషన్ మొత్తం చదవకుండా యూట్యూబ్ వీడియో చూసి ఫారం నింపినవాళ్లకు ఇది అందదు.

మార్కుల లెక్క కూడా దారినిబట్టి మారుతుంది. ఐఎంఏ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్, మ్యాథ్స్ కలిపి 300, ఎస్‌ఎస్‌బీకి ఇంకో 300. ఓటీఏకు మ్యాథ్స్ లేదు. రాతకు 200, ఎస్‌ఎస్‌బీకి 200. ఆర్మీ టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సుకూ, షార్ట్ సర్వీస్ టెక్నికల్‌కూ రాతపరీక్షే లేదు. ఇంజినీరింగ్ మార్కుల కటాఫ్ దాటినవాళ్లను పిలిచి, ఎస్‌ఎస్‌బీలో వచ్చిన మార్కులతోనే మెరిట్ వేస్తారు. నేవీ షార్ట్ సర్వీస్ ఎంట్రీలు కూడా డిగ్రీ మార్కుల ఆధారంగానే పిలుస్తాయి. ఎయిర్‌ఫోర్స్ సొంత పరీక్ష ఏఎఫ్‌క్యాట్ మాత్రం రెండు గంటల్లో వంద ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఈ తేడాలే అభ్యర్థికి అసలు బలం. రాతలో గట్టివాడికి సీడీఎస్ మెరిట్‌లో మొదటే ఆధిక్యం దొరుకుతుంది. గదిలో పెన్ను పట్టుకుంటే తడబడినా నలుగురి మధ్య నిలబడితే వెలిగే ఇంజినీరుకు టెక్నికల్ ఎంట్రీలు న్యాయం చేస్తాయి. తన బలం ఎక్కడుందో తెలియనివాడు అన్నిటికీ పెట్టి, ఏ మెరిట్ తనకు అనుకూలమో ఫలితాల్లోనే తెలుసుకోవచ్చు. ఖర్చు కూడా పెద్ద అడ్డు కాదు. సీడీఎస్‌కు 200 రూపాయలు, ఎన్‌డీఏకు 100, ఆర్మీ, నేవీల్లో రాతపరీక్ష లేని ఎంట్రీలకు ఫీజే లేదు. వాటితో పోలిస్తే ఏఎఫ్‌క్యాట్ ఫీజు కాస్త ఎక్కువ.

అన్ని దారులూ కలిసే చోటు సర్వీసెస్ సెలక్షన్ బోర్డు. ఈ పద్ధతికి రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ సైన్యం పునాది వేసింది. మన దేశంలో 1943లో డెహ్రాడూన్‌లో ప్రయోగంగా మొదలైంది. ఇవాళ ఆర్మీ బోర్డులు ప్రయాగ్‌రాజ్, భోపాల్, బెంగళూరు, జలంధర్‌లలో ఉన్నాయి. ఎయిర్‌ఫోర్స్ బోర్డులు డెహ్రాడూన్, మైసూరు, గాంధీనగర్, వారణాసి తదితర చోట్ల ఉన్నాయి. నేవీ బోర్డుల్లో ఒకటి విశాఖపట్నంలోనే ఉంది. బోర్డు ఏ దళానిదైనా పరీక్ష మాత్రం ఒకటే. మొదటి రోజు స్క్రీనింగ్: తర్కానికి సంబంధించిన ప్రశ్నలు, ఆపైన ఒక మసక బొమ్మను ముప్ఫై సెకన్లు చూపించి కథ రాయమనడం, ఆ కథను గుంపులో చర్చించడం. అక్కడ ఆగిపోయినవాళ్లు అదే రోజు రైలెక్కుతారు. మిగిలినవాళ్లకు మనస్తత్వ పరీక్షలు: పన్నెండు బొమ్మల కథలు (వాటిలో ఒకటి ఖాళీ కాగితమే), ఒక్కో దానికి పదిహేను సెకన్ల చొప్పున అరవై మాటలు, అరగంటలో అరవై సందర్భాలు, తన గురించి తాను రాసుకోవడం. ఆ తర్వాత రెండు రోజులు మైదానంలో తాళ్లు, చెక్కలు, డ్రమ్ములతో గుంపు పనులు. వీటి మధ్యలోనే వ్యక్తిగత ఇంటర్వ్యూ. చివరి రోజు కాన్ఫరెన్స్.

మనస్తత్వ నిపుణుడు, ఇంటర్వ్యూ అధికారి, గ్రూప్ టెస్టింగ్ ఆఫీసర్ ముగ్గురూ ఒకరి అంచనా ఒకరికి తెలియకుండా మార్కులు వేస్తారు. ఈ త్రయాన్ని సైనిక వర్గాలు మనసా, వాచా, కర్మణా అని చెప్పుకుంటాయి. అభ్యర్థి మనసులో ఉన్నదీ, నోటితో చెప్పేదీ, చేతితో చేసేదీ ఒక్కటేనా అన్నదే వాళ్లు చూసేది. దానికి కొలమానం పదిహేను ఆఫీసర్ లక్షణాలు. అవి మూడు దళాలకూ ఒకటే. ఆర్మీ ఎస్‌ఎస్‌బీలో అభ్యర్థిని తిరస్కరింపజేసిన తడబాటు, మూడు వారాల్లోనే ఎయిర్‌ఫోర్స్ బోర్డుకు వెళితే అక్కడా అలాగే కనిపిస్తుంది. పది దరఖాస్తులంటే పది అవకాశాలన్న లెక్క ఇక్కడే తప్పుతుంది. తొలిసారి నెగ్గనివాళ్లకు నేను చెప్పేది ఒకటే. రెండు బోర్డుల మధ్య జీవితంలో ఏదైనా మారాలి. ఊళ్లో ఒక పని బాధ్యతగా నెత్తికెత్తుకోవడమో, జట్టును నడిపించడమో, ఒంటిని దిద్దుకోవడమో జరగాలి. కోచింగ్‌లో అందరికీ ఒకే అచ్చులో నేర్పే పది కథలు బట్టీ పట్టి వెళ్లినవాణ్ని అంతకుముందే వేలమందిని చూసిన మనస్తత్వ నిపుణుడు ఇట్టే గుర్తుపడతాడు.

అయినా ఎక్కువ పిలుపులు రావడం వృథా కాదు. ఒకచోట కాన్ఫరెన్స్ దాకా వెళ్లి ఆగిపోయినవాళ్లు ఇంకో చోట రికమెండ్ అయిన సంఘటనలు ఈ రంగంలో అందరూ ఎరిగినవే. ఎస్‌ఎస్‌బీ ఒక అంచనా. ఐదు రోజుల అంచనాకు ఎప్పుడూ కొంత తేడా ఉంటుంది. ఒకసారి కుదరనివాడికి ఇంకో గుంపులో, ఇంకో మైదానంలో కుదరవచ్చు. ఖర్చు విషయంలో ప్రభుత్వం కొంత ఆదుకుంటుంది. ఒక రకం కమిషన్‌కు మొదటిసారి వెళ్లే అభ్యర్థికి ఏసీ త్రీటైర్ రైలు చార్జీ రానుపోను ఇస్తారు. అదే రకానికి రెండోసారి వెళితే ఇవ్వరు. పల్లెటూరి పేద పిల్లలు వేరువేరు ఎంట్రీలకు పెట్టడంలో ఇదీ ఒక లాభం.

మూడు దళాలకూ పెట్టేవాళ్లు అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది పైలట్ పరీక్ష దగ్గర. కంప్యూటరైజ్డ్ పైలట్ సెలక్షన్ సిస్టమ్ అనే ఈ పరీక్షను జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. దీనికి ముందున్న పీఏబీటీ అనే పైలట్ పరీక్ష తప్పినవాళ్లకు కూడా ఇదే నిబంధన. ఎన్‌డీఏ ద్వారా వెళ్లినా, సీడీఎస్ ద్వారా వెళ్లినా, ఏఎఫ్‌క్యాట్ ద్వారా వెళ్లినా, నేవీ పైలట్ ఎంట్రీకి వెళ్లినా ఒకచోట తప్పితే అన్ని చోట్లా ఫ్లయింగ్ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. ఒక దళంలో ఓడితే ఇంకో దళంలో దాని ప్రభావం ఉండదన్న సాధారణ సూత్రానికి పూర్తిగా లొంగని ఒకే ఒక్క పరీక్ష ఇది. పదిహేడేళ్ల పిల్లవాడు ఎన్‌డీఏ ఫారంలో స్నేహితుడు రాశాడని ఫ్లయింగ్ రాసి, సరిగా నిద్ర లేకుండా వెళ్లి ఆ పరీక్ష తప్పితే, ఇరవై మూడేళ్లకు నిజంగా విమానం నడపాలన్న కోరిక పుట్టినప్పుడు దారే ఉండదు. ఎగరాలన్న కోరిక నిజంగా ఉంటేనే, పూర్తి సన్నాహంతో, ఆ గడిలో టిక్కు పెట్టాలి. దరఖాస్తులు ఎక్కువ పెట్టమని ఇంతవరకూ చెప్పిన నేను, ఈ ఒక్కచోట మాత్రం చేయి వెనక్కి తీసుకోమని చెబుతాను.

వైద్య పరీక్ష సంగతి వేరు. ఇక్కడ ఒక దళం తిరస్కరించిన శరీరం ఇంకో దళానికి సరిగ్గా సరిపోవచ్చు. ఫ్లయింగ్‌కు కనీస ఎత్తు 162.5 సెంటీమీటర్లు. కాలి పొడవు, తొడ పొడవు, కూర్చున్న ఎత్తు విడివిడిగా కొలుస్తారు. కాక్‌పిట్‌లో ఇమడాలి, అత్యవసరంలో సీటుతో సహా బయటికి దూకేటప్పుడు మోకాలు తగలకూడదు. అందుకే అంత ఖచ్చితం. ఆ కొలతలకు సరిపోని యువకుడు ఆర్మీలో నిరభ్యంతరంగా చేరవచ్చు. కళ్లద్దాల పవరు, రంగుల గుర్తింపు విషయంలో కూడా శాఖకో ప్రమాణం ఉంటుంది. చూపు సరిచేసుకునే లేజర్ చికిత్స ఇరవై ఏళ్లు నిండకముందే చేయించుకున్నవాళ్లకు ఎయిర్‌ఫోర్స్‌లో చిక్కు వస్తుంది. ఇంటర్ అయిపోగానే పెళ్లి సంబంధాల కోసమో, అందం కోసమో ఆపరేషన్ చేయించే ఇళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. వైద్య బోర్డు తాత్కాలికంగా పనికిరాడని రాస్తే అప్పీలుకు గడువు ఉంటుంది. అయితే ఎస్‌ఎస్‌బీ నెగ్గాక ఆ హడావుడిలో వైద్యం చేయించుకోవడం కంటే, మొదటి ఫారం నింపకముందే ఒక కంటి డాక్టరునూ ఈఎన్‌టీ డాక్టరునూ కలవడం తెలివైన పని. ఏ దళాలకు పెట్టాలో అక్కడే సగం తేలిపోతుంది.

ఇక పెద్దలు భయపెట్టే ప్రశ్న: ఇన్నిటికి పెట్టినవాణ్ని ఇంటర్వ్యూలో ఏమంటారు? ఎస్‌ఎస్‌బీకి వెళ్లగానే వ్యక్తిగత సమాచార ఫారం నింపిస్తారు. అందులో గతంలో ఏ బోర్డుకు వెళ్లారు, ఏ ఎంట్రీకి, ఫలితమేమిటి అన్నవి రాయాలి. దాచడం పెద్ద తప్పు. ఇంటర్వ్యూ అధికారి ఆ ఫారం ముందు పెట్టుకునే ప్రశ్నలు వేస్తాడు. మొన్న ఎయిర్‌ఫోర్స్, ఇప్పుడు నేవీ, ఎందుకు? ఈ ప్రశ్నకు దొరికే మంచి జవాబు నిజమే. ముందు ఆఫీసర్ కావాలి, ఏ యూనిఫాం అన్నది తర్వాత అనుకోవడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఆ మాట ఎన్నో ఇళ్లలోంచి వచ్చే నిజాయితీ. కానీ నేవీ బోర్డుకు వెళ్లినవాడు సముద్రం మీద నెలల తరబడి బతకడం ఎలా ఉంటుందో, విశాఖలోని తూర్పు నౌకాదళం ఏం చేస్తుందో తెలుసుకోకుండా వెళితే, అతనికి సముద్రం మీద ఇష్టం లేదని బోర్డుకు అర్థమవుతుంది. మూడు దళాలకూ పెట్టినవాడు మూడు దళాల గురించీ చదవాలి. ఒకటే జవాబును మూడు చోట్లా చెప్పకూడదు. తప్పు అన్నిటికి పెట్టడంలో లేదు, అన్నిటికీ ఒకే సన్నాహం చేయడంలో ఉంది.

అమ్మాయిలకు ఈ ప్రశ్న ఇటీవలే పూర్తిగా తెరుచుకుంది. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఆదేశంతో అదే ఏడాది నవంబరులో అమ్మాయిలు ఎన్‌డీఏ పరీక్ష రాశారు. వాళ్ల మొదటి బ్యాచ్ ఖడక్‌వాస్లాలో 2025లో శిక్షణ ముగించింది. దుండిగల్‌లో 2016 జూన్‌లో ముగ్గురు యువతులు మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా కమిషన్ పొందారు. 2020 ఫిబ్రవరిలో షార్ట్ సర్వీస్ మహిళా అధికారులకు ఆర్మీలో శాశ్వత కమిషన్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. సీడీఎస్‌లో మాత్రం అమ్మాయిల దారి చాలాకాలం ఓటీఏకే పరిమితమైంది. అందుకే డిగ్రీ చదివిన అమ్మాయికి సీడీఎస్‌తోపాటు ఏఎఫ్‌క్యాట్, నేవీ షార్ట్ సర్వీస్ ఎంట్రీలు, ఆర్మీ టెక్నికల్ షార్ట్ సర్వీస్, ఎన్‌సీసీ ఎంట్రీ అన్నిటికీ పెట్టడం అబ్బాయిల కంటే ఎక్కువ అవసరం. భువనగిరిలో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ సైనిక దళాల సన్నాహక మహిళా డిగ్రీ కళాశాల నడుపుతోంది. ఇలాంటిది ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకటి ఉండాలని కోరుకుంటాను.

మన రాష్ట్రాల అభ్యర్థులకు రెండు చోట్ల అదనంగా కష్టం వస్తుంది. మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం, డిగ్రీ సర్టిఫికెట్‌లో అది పేరు చివర. సైనిక నియామకాల్లో పేరూ పుట్టినరోజూ పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారమే చూస్తారు. యూపీఎస్‌సీకి ఒక రకంగా, ఏఎఫ్‌క్యాట్ వెబ్‌సైట్‌లో ఇంకో రకంగా, నేవీకి మరో రకంగా పేరు రాసినవాడు రికమెండ్ అయ్యాక అఫిడవిట్ల కోసం తిరగాలి. అన్నిటికీ పెట్టేవాడు మొదటి పనిగా అన్ని కాగితాల్లో ఒకే పేరు ఉండేలా సరిచేయించుకోవాలి. రెండోది భాష. యూపీఎస్‌సీ ప్రశ్నపత్రాలు ఇంగ్లీషులో, హిందీలో ఉంటాయి. ఏఎఫ్‌క్యాట్ ఇంగ్లీషులోనే. ఎస్‌ఎస్‌బీ గుంపు చర్చల్లో ఇంగ్లీషే నడుస్తుంది, మధ్యమధ్య హిందీ. తెలుగు మాధ్యమంలో చదివి, తెలివీ ధైర్యమూ ఉండి, గుంపులో మొదటి వాక్యం మొదలుపెట్టడానికే జంకే పిల్లలను చూస్తే మనసు చివుక్కుమంటుంది. బోర్డు వ్యాకరణం చూడదు. భావం స్పష్టంగా చెప్పగలిగితే చాలు. కానీ ఆ ధైర్యం బడిలోనే రావాలి.

వ్యవస్థ చేయగలిగింది కూడా ఉంది. ఒకే కొలమానంతో ఒకే అభ్యర్థిని ఏడాదిలో మూడుసార్లు ఐదేసి రోజులు పరీక్షించడం దేశానికీ అభ్యర్థికీ భారమే. ఒక ఎంట్రీకి వచ్చిన ఫలితం ఆ ఎంట్రీకే చెల్లుతుంది. ఆర్మీ టెక్నికల్ కోర్సుకు రికమెండ్ అయి, సీట్లు చాలక మెరిట్‌లో పోగొట్టుకున్న ఇంజినీరు, మరో ఎంట్రీ కోసం మళ్లీ మొదటి రోజు స్క్రీనింగ్ నుంచి మొదలుపెట్టాలి. అక్కడ స్క్రీనింగ్‌లోనే పోవచ్చు కూడా. ఆర్మీలో ఆఫీసర్ల కొరత వేలల్లో ఉందని ప్రభుత్వమే పార్లమెంటులో పలుమార్లు చెప్పింది. అలాంటప్పుడు తగినవాడని ఒక బోర్డు తేల్చిన యువకుణ్ని కనీసం ఒక ఏడాదిపాటు మిగతా ఎంట్రీలు కూడా తగినవాడిగా ఎందుకు పరిగణించకూడదు? మనిషి మారతాడు కాబట్టి ప్రతిసారీ కొత్తగా చూడాలన్నది బోర్డుల వాదన. తిరస్కరణ విషయంలో ఆ వాదన నాకు పూర్తిగా సమ్మతమే, ఓడినవాణ్ని కొత్తగా చూడాల్సిందే. నెగ్గినవాడికీ అదే నియమం పెట్టడం సమంజసంగా తోచదు. మూడు దళాల ఉమ్మడి పనితీరు గురించి ఇంత చర్చ జరుగుతున్న కాలంలో ఎంపిక క్యాలెండర్లనైనా ముందు కలిపితే, ఒక ఎస్‌ఎస్‌బీ తేదీ ఇంకో పరీక్ష తేదీ మీద పడి అభ్యర్థి రెండింటిలో ఒకటి వదులుకోవలసిన పరిస్థితి తప్పుతుంది.

అన్నీ కలిసొచ్చి రెండు చోట్ల పేరు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది చివరి ప్రశ్న. సీడీఎస్‌లోనే ఇది తరచుగా జరుగుతుంది. ఐఎంఏ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ జాబితా ముందు వస్తుంది, ఓటీఏ జాబితా తర్వాత. మొదటి దాంట్లో ఉన్న పేర్లలో కొన్ని రెండో దాంట్లోనూ ఉంటాయని యూపీఎస్‌సీ ప్రకటనే చెబుతుంది. ఇక్కడ ఎంచుకోవలసింది అకాడమీ పేరునుబట్టి కాదు, ఉద్యోగ స్వరూపాన్నిబట్టి. ఐఎంఏ అంటే శాశ్వత కమిషన్. ఓటీఏ అంటే పదేళ్లు, కావాలంటే ఇంకో నాలుగేళ్లు. ఎయిర్‌ఫోర్స్ షార్ట్ సర్వీస్ ఫ్లయింగ్ పద్నాలుగేళ్లు. లెఫ్టినెంట్ మూలవేతనం 56,100 రూపాయలతో మొదలవడం అందరికీ ఒకటే. ముప్ఫై ఐదేళ్లకు బయటికి వచ్చి రెండో జీవితం మొదలుపెట్టగలనా, లేక జుట్టు నెరిసేదాకా యూనిఫాంలోనే ఉండాలనుందా అన్నది మాత్రం అభ్యర్థి ఒక్కడే తేల్చుకోవాలి. ఐఎంఏ శిక్షణకు చివరిగా ఎంపికైనవాణ్ని ఇక వేరే ఏ కమిషన్‌కూ పరిగణించరు, ఇంకో ఇంటర్వ్యూకో పరీక్షకో వెళ్లనివ్వరు. ఎన్‌డీఏలో అయితే మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టేలా తల్లిదండ్రులు బాండు రాసివ్వాలి. కాబట్టి చేరే ముందు రోజు వరకే స్వేచ్ఛ. ఒకటి ఖాయం చేసుకోగానే, రెండో దళానికి తాను రావడం లేదని ఆ రోజే రాసి పంపాలి. ఆ సీటు కింద మెరిట్‌లో ఇంకొకరు, బహుశా చివరి అవకాశం వాడుకుంటున్న ఇరవై నాలుగేళ్ల యువకుడో యువతో, పిలుపు కోసం ఎదురుచూస్తుంటారు.